ఇంట్లో వేసుకునే మాత్రా, ఆస్పత్రిలో ఎక్కించే కీమోనా? ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో పెద్దవాళ్ళకు ఏది నప్పుతుంది

"ఇక ఆస్పత్రిలో పడుకోబెట్టి ఎక్కించక్కర్లేదు, ఇంట్లోనే మాత్రలు వేసుకోవచ్చు" అని డాక్టర్ అనగానే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. మా ఇంట్లోనూ అంతే. నాన్నగారికి అప్పుడు 79 ఏళ్ళు. క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది, హార్మోన్ ఇంజెక్షన్లు పనిచేయడం తగ్గింది, పీఎస్ఏ (ఈ జబ్బు ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష అంకె) మళ్ళీ పెరగడం మొదలైంది. మాత్రలనేసరికి ఇదేదో తేలిక మందు కాబోలు అనుకున్నాం. తర్వాత ఏడాదిన్నర పాటు చూస్తే, ఆస్పత్రికి వెళ్ళే రోజులు తగ్గాయి గానీ పని తగ్గలేదు. అప్పటిదాకా నర్సు చేసిన పనంతా మా అమ్మ మీద, నా మీద పడింది. డోసు లెక్క, జ్వరం చూడటం, మూత్రం రంగు గమనించడం, రక్తపరీక్ష తేదీ గుర్తుంచుకోవడం. అందుకే మాత్రా, సెలైనా అని తేల్చుకునేటప్పుడు పెద్దాయన ఒంటితో పాటు ఆ ఇంటి సత్తువ కూడా చూసుకోవాలని గట్టిగా నమ్ముతాను.

ముందు అది ఏ మాత్రో తెలుసుకోండి

ఇళ్ళల్లో క్యాన్సర్‌కు వేసుకునే ప్రతి మాత్రనూ "కీమో మాత్ర" అనేస్తాం. ప్రోస్టేట్ క్యాన్సర్ విషయంలో ఈ అలవాటు చాలా తికమక పెడుతుంది. ఎందుకంటే ఈ జబ్బుకు ఇంట్లో వేసుకునే మాత్రల్లో ఎక్కువ భాగం అసలు కీమోనే కావు.

టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోనే ఈ క్యాన్సర్‌కు మేత. ఆ హార్మోన్‌ను తగ్గిస్తే జబ్బు వెనక్కి తగ్గుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపించారు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నెలకో, మూడు నెలలకో వేసే ఇంజెక్షన్ గానీ, వృషణాలు తీసేసే ఆపరేషన్ గానీ చేసేది ఆ పనే. కొన్నాళ్ళకు క్యాన్సర్ మిగిలిన కొద్దిపాటి హార్మోన్‌తోనే నెట్టుకురావడం నేర్చుకుంటుంది. అప్పుడు పనికొచ్చేవి అబిరాటెరోన్, ఎంజలుటమైడ్, అపలుటమైడ్, డారోలుటమైడ్ లాంటి మాత్రలు. అబిరాటెరోన్ శరీరంలో హార్మోన్ తయారీనే అడ్డుకుంటుంది. మిగతా మూడూ క్యాన్సర్ కణంలో హార్మోన్ వచ్చి అతుక్కునే చోటును మూసేస్తాయి. జబ్బు మొదట్లోనే ఇంజెక్షన్‌తో పాటు వీటిలో ఒకటి ఇవ్వడం కూడా ఇప్పుడు మామూలైంది. ఇవన్నీ హార్మోన్ మాత్రలు. ఇంకో మాట, ఇవి మొదలుపెట్టామని హార్మోన్ ఇంజెక్షన్ మానకూడదు. "మాత్ర ఉందిగా, ఇంకా సూది ఎందుకు" అని మానేసిన వాళ్ళను చూశాను. డాక్టర్ చెప్తే తప్ప ఆ ఇంజెక్షన్ సాగాల్సిందే.

ఒలాపరిబ్ అని మరో మాత్ర ఉంది. బీఆర్‌సీఏ లాంటి జన్యువుల్లో లోపం ఉన్నట్టు పరీక్షలో తేలితేనే దీని గురించి ఆలోచిస్తారు. రక్తహీనత దీనితో ఎక్కువ. జన్యు పరీక్ష చేయించారా అని ఒకసారి అడగండి. ఫలితం మిగతా కుటుంబానికి కూడా పనికొస్తుంది.

నిజమైన కీమో మాత్ర అంటే ఈ జబ్బులో ఎక్కువగా వినపడేది సైక్లోఫాస్ఫమైడ్. ఎటోపోసైడ్, వినోరెల్బిన్ లాంటివి నోటి ద్వారా ఇచ్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఎస్ట్రాముస్టిన్ అనే పాత మాత్ర రక్తం గడ్డకట్టే ప్రమాదం వల్ల చాలావరకు వెనక్కి వెళ్ళిపోయింది.

కాబట్టి మాత్రల చీటీ చేతికి రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: "డాక్టరుగారూ, ఇది హార్మోన్ మాత్రా, కీమో మాత్రా?" జవాబును బట్టి జాగ్రత్తలు, పరీక్షలు, ఆశించే ఫలితం అన్నీ మారిపోతాయి.

ఆస్పత్రిలో ఎక్కించే కీమో ఇచ్చేదేమిటి

నరం ద్వారా ఎక్కించే డోసిటాక్సెల్ గురించి భయాలు ఎక్కువ, తెలిసింది తక్కువ. ఈ జబ్బులో కీమో ఆయుష్షును పెంచుతుందని గట్టి రుజువు మొదట దొరికింది దీనితోనే. హార్మోన్ చికిత్సకు లొంగని దశలో ఉన్న మగవాళ్ళ మీద చేసిన టాక్స్ 327 అనే పెద్ద పరీక్ష ఫలితాలు 2004లో వచ్చాయి. మూడు వారాలకోసారి డోసిటాక్సెల్ తీసుకున్నవాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 18.9 నెలలు, అప్పటి పాత మందు మైటోక్సాంట్రోన్ తీసుకున్నవాళ్ళది 16.5 నెలలు. రెండు నెలల పైచిలుకు తేడా. చిన్నదే అనిపిస్తుంది, కానీ ఇది మధ్యస్థ లెక్క, అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ, సగం మంది తక్కువ బతికిన చోటు. కొందరికి ఇంకా ఎక్కువ మేలు జరుగుతుంది, కొందరికి ఏమీ జరగదు. ఎముకల నొప్పి తగ్గడం కూడా ఈ మందుతోనే ఎక్కువమందిలో కనిపించింది.

ఇబ్బందులు చిన్నవేం కావు. తెల్ల రక్తకణాల కౌంట్ పడిపోయి ఇన్ఫెక్షన్లు రావచ్చు. జుట్టు రాలుతుంది, గోళ్ళు పాడవుతాయి, వేళ్ళు మొద్దుబారతాయి. మొద్దుబారడం పెద్ద వయసులో మరీ కష్టం, గుండీ పెట్టుకోవడం, మెట్లు దిగడం కూడా భయమైపోతుంది. ఎక్కించిన తర్వాత మొదటి వారం పది రోజులు మనిషి నీరసంతో వాలిపోతాడు, తర్వాత తేరుకుంటాడు, అంతలో మళ్ళీ ఎక్కించే రోజు వస్తుంది.

అయితే పెద్దవాళ్ళ ఇళ్ళల్లో చాలామందికి తెలియని ఒక మధ్యే మార్గం ఉంది. మూడు వారాలకోసారి పూర్తి డోసు బదులు, రెండు వారాలకోసారి తక్కువ డోసుగా విడగొట్టి ఇవ్వొచ్చు. దీన్ని పరీక్షించిన అధ్యయనం 2013లో వచ్చింది, తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోవడం అందులో తక్కువగా కనిపించింది. "కీమో తట్టుకోలేరు" అన్న మాట వినగానే నేరుగా మాత్రలకు దిగిపోకుండా, ఈ పద్ధతి కుదురుతుందా అని అడగడం మన హక్కు. మేము అడగలేదు. అడగొచ్చని తెలియదు.

కీమో మాత్ర: సైక్లోఫాస్ఫమైడ్

ఇది దశాబ్దాలుగా ఉన్న పాత మందు. ఒక్కసారిగా పెద్ద డోసు ఇచ్చే బదులు, రోజూ చిన్న డోసు, తరచుగా 50 మిల్లీగ్రాములు, విడవకుండా వేసే పద్ధతిలో దీన్ని వాడతారు. దీనితో పాటు ప్రెడ్నిసొలోన్ గానీ డెక్సామెథసోన్ గానీ అనే స్టెరాయిడ్ చిన్న డోసులో ఉంటుంది. ఆలోచన ఏమిటంటే, రోజూ కొద్దికొద్దిగా మందు తగులుతుంటే క్యాన్సర్‌కు కొత్త రక్తనాళాలు పెరగడం కష్టమవుతుంది, ఒళ్ళు మాత్రం మరీ దెబ్బతినదు. జుట్టు పూర్తిగా రాలడం, వాంతులు లాంటివి ఎక్కించే కీమోతో పోలిస్తే తక్కువ.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. డోసిటాక్సెల్ లాగా ఈ మాత్ర ఆయుష్షును పెంచుతుందని పెద్ద పరీక్షల్లో రుజువు కాలేదు. చిన్న చిన్న అధ్యయనాల్లో కొంతమందికి పీఎస్ఏ తగ్గింది, నొప్పి తగ్గింది, జబ్బు కొన్ని నెలలు నిలకడగా ఉంది. అంతవరకే. అంటే ఇది డోసిటాక్సెల్‌కు సరిసమానమైన ఇంటి రూపం కాదు. డోసిటాక్సెల్ తట్టుకోలేని వాళ్ళకు, అది అయిపోయినవాళ్ళకు, ఆస్పత్రికి రానూ పోనూ ఓపిక లేనివాళ్ళకు మిగిలే దారి. ఆ సంగతి తెలిసి ఎంచుకుంటే మంచి ఎంపికే. తెలియక ఎంచుకుంటేనే తర్వాత బాధ.

దీనిలో నేను అన్నిటికన్నా ఎక్కువగా చెప్పదలచుకున్నది నీళ్ళ సంగతి. ఈ మందు శరీరంలో విరిగినప్పుడు పుట్టే ఒక పదార్థం మూత్రాశయం లోపలి పొరను కాల్చేస్తుంది. మంట, ఆ తర్వాత మూత్రంలో రక్తం. రాత్రంతా ఆ పదార్థం మూత్రాశయంలో నిలవ ఉండకూడదనే మాత్రను ఉదయం వేసుకోమంటారు, పగలంతా బాగా నీళ్ళు తాగమంటారు, మూత్రాన్ని ఆపుకోవద్దంటారు. చెప్పినంత తేలిక కాదిది. ప్రోస్టేట్ జబ్బున్న పెద్దాయన ఏళ్ళ తరబడి ఏం అలవాటు చేసుకుంటాడు? మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్ళు తగ్గించేస్తాడు. మా నాన్నగారు గ్లాసు పట్టుకుని రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసేవారు. అమ్మ అడిగితే "తాగానుగా" అనేవారు. చివరికి పొద్దున్నే ఒక సీసా నింపి బల్ల మీద పెట్టి, మధ్యాహ్నానికి ఖాళీ అయిందో లేదో చూడటం మొదలుపెట్టాం. నీళ్ళలో ఎక్కువ భాగం సాయంత్రం లోపే అయిపోతే రాత్రి లేవడం తగ్గుతుందని అర్థమయ్యాకే ఆయన మాట విన్నారు.

గుండె బలహీనంగా ఉండి నీళ్ళు తగ్గించమన్న మనిషికి ఇది నేరుగా అడ్డం తగులుతుంది. మూత్రం పూర్తిగా బయటికి రాక లోపల మిగిలిపోయే వాళ్ళకు కూడా. ఈ రెండిట్లో ఏది ఉన్నా మొదటి మాత్ర వేసుకోకముందే డాక్టర్‌తో మాట్లాడాలి. రక్త కౌంట్ పరీక్ష మొదట్లో తరచుగా, తర్వాత క్రమంగా చేయించాలి. మాత్రే కదా అని పరీక్ష వాయిదా వేయడం దీనితో జరిగే పెద్ద పొరపాటు. కౌంట్ పడిపోతున్నా పైకి ఏమీ తెలియదు.

స్టెరాయిడ్ గురించి కూడా ఒక మాట. షుగర్ ఉన్నవాళ్ళకు అది పెరుగుతుంది, నిద్ర పట్టదు, కడుపులో మంట. ఉదయం తిన్న తర్వాత వేసుకుంటే కొంత నయం. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను మనంతట మనం ఒక్కసారిగా ఆపేయకూడదు.

హార్మోన్ మాత్రల్లో ఏది

ఇంకా హార్మోన్ మాత్ర వాడని మనిషికి సాధారణంగా కీమో మాత్ర కంటే ముందు వీటి గురించే ఆలోచిస్తారు, ఎందుకంటే వీటికి ఆయుష్షు పెంచిన గట్టి రుజువులు ఉన్నాయి. ఏది వేయాలన్నది పెద్దాయనకు ఉన్న మిగతా జబ్బులను బట్టి ఉంటుంది.

అబిరాటెరోన్‌తో పాటు ప్రెడ్నిసొలోన్ తప్పనిసరి. బీపీ పెరగడం, పొటాషియం పడిపోవడం, కాళ్ళకు నీరు రావడం, లివర్ ఎంజైములు పెరగడం దీని ఇబ్బందులు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు, అదుపులేని బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకు ఇది రెండో ఆలోచన కావడమే మంచిదని నా అభిప్రాయం. మామూలు డోసును ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి. తినడానికి కనీసం గంట ముందు, తిన్నాక కనీసం రెండు గంటల తర్వాత. కొవ్వు ఎక్కువున్న భోజనంతో వేసుకుంటే రక్తంలో చేరే మందు 10 రెట్ల దాకా పెరగవచ్చు. గుండెకు స్పైరనోలాక్టోన్ వాడుతుంటే ముందే చెప్పాలి, ఈ రెండూ కలిపి వాడటం మంచిది కాదు.

ఎంజలుటమైడ్‌కు స్టెరాయిడ్ అక్కర్లేదు, తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు. ఆ రెండు సుఖాలూ ఉన్నాయి. కానీ నీరసం బాగా ఉంటుంది, పడిపోవడం ఎక్కువవుతుంది, అరుదుగా ఫిట్స్ రావచ్చు. గతంలో ఫిట్స్ వచ్చినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, మతిమరుపు మొదలైనవాళ్ళు ఈ సంగతులు దాచకూడదు. రక్తం పల్చబరిచే మందులు, కొన్ని బీపీ మాత్రలు దీనితో పాటు వేస్తే వాటి బలం తగ్గిపోతుంది. అపలుటమైడ్ కూడా ఇదే తీరు. దానికి ఒంటి మీద దద్దుర్లు, థైరాయిడ్ మందగించడం అదనం.

డారోలుటమైడ్ మెదడులోకి చేరడం తక్కువ. రోజుకు రెండుసార్లు ఆహారంతో వేసుకోవాలి. తడబడే నడక, మతిమరుపు ఉన్న మనిషికి నేను ముందుగా అడిగేది దీని గురించే. కాకపోతే జబ్బు ఉన్న ప్రతి దశలోనూ దీన్ని వాడరు, కాబట్టి "మాకు ఇది కుదురుతుందా" అని అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇంకొకటి. ఒక హార్మోన్ మాత్ర పనిచేసి తర్వాత పనిచేయడం మానేస్తే, అదే జాతిలో ఇంకోదానికి మారితే ఫలితం చాలామందిలో తక్కువ. ఎక్కించే కీమో తట్టుకోగల ఒళ్ళు ఉండి కూడా, సూది భయంతో ఒక మాత్ర తర్వాత ఇంకో మాత్ర అంటూ నెలలు గడిపేయడం నష్టం. డోసిటాక్సెల్‌కు తగిన బలం ఎప్పటికీ అలాగే ఉండిపోదు.

వయసు అంకె కాదు చూడాల్సింది

80 ఏళ్ళ మనిషి రోజూ నడుస్తూ, తన పనులు తాను చేసుకుంటూ ఉండొచ్చు. 68 ఏళ్ళాయన మంచం దిగలేకపోవచ్చు. డాక్టర్లు దీన్ని కొలవడానికి జీ8 అనే చిన్న ప్రశ్నావళి వాడతారు. తిండి తగ్గిందా, బరువు తగ్గాడా, ఎంతవరకు కదలగలడు, మతిమరుపు, దిగులు ఉన్నాయా, రోజుకు ఎన్ని రకాల మందులు, తన ఆరోగ్యం గురించి తను ఏమనుకుంటున్నాడు, ఇలాంటివి. మొత్తం 17 మార్కులు. 14 గానీ అంతకు తక్కువ గానీ వస్తే చికిత్స తేల్చేముందు ఇంకా లోతుగా చూడాలి. తక్కువ వచ్చినంత మాత్రాన చికిత్స లేదని కాదు. తిండి సరిచేసి, రక్తహీనత సరిచేసి, అక్కర్లేని మందులు తగ్గిస్తే తేరుకునేవాళ్ళు ఉన్నారు. వయసు చూసి మాత్రమే "ఈ వయసులో కీమో ఎందుకండీ" అనే మాట దగ్గర, అది ఎవరి నోటి నుంచి వచ్చినా, ఆగిపోకండి.

ఇల్లు మోయగలదా

మాత్ర ఎవరిస్తారు? ఒక్కరే ఇవ్వాలి. మా ఇంట్లో ఒకరోజు అమ్మ ఇచ్చిన మాత్ర సంగతి తెలియక నేను మళ్ళీ ఇవ్వబోయాను. అప్పటినుంచి గోడ మీద క్యాలెండర్‌లో వేసుకున్న వెంటనే గీత పెట్టడం. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు, ఆస్పత్రికి ఫోన్ చేసి అడగాలి. మధ్యలో విరామం ఉండే మందులైతే ఏ రోజుతో ఆపాలో, ఏ రోజు మళ్ళీ మొదలుపెట్టాలో మొదటి రోజే రాసిపెట్టుకోవాలి.

మాత్రలను విరగ్గొట్టకూడదు, నూరకూడదు. మింగలేకపోతే మందు మార్చమని అడగాలి. ఇచ్చేవాళ్ళు చేతికి గ్లవ్స్ వేసుకోవడం, లేదా చేత్తో ముట్టుకోకుండా మూతలోకి వంచి ఇవ్వడం, తర్వాత చేతులు కడుక్కోవడం. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు ఈ మాత్రలను ముట్టుకోకూడదు. ఇది కీమో మాత్రలకే కాదు, హార్మోన్ మాత్రలకూ వర్తిస్తుంది. పెద్దాయన వాంతి, మూత్రం పడిన బట్టలు వేరుగా ఉతకాలి. పిల్లలకు అందని చోట పెట్టాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

ఇంట్లో ఆయనా, ఆయన భార్యా మాత్రమే ఉండి, ఇద్దరికీ చూపు మందగించి, మతిమరుపు మొదలై ఉంటే, రోజూ వేసే కీమో మాత్ర కంటే మూడు వారాలకోసారి ఆస్పత్రిలో నర్సు చేతుల మీదుగా ఎక్కించేదే ఎక్కువ భద్రం. ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ నిజం. అదే, చూసుకునే మనిషి ఇంట్లో ఉండి, ఆస్పత్రి బాగా దూరమై, ప్రయాణంతోనే మూడు రోజులు పడకేసే పెద్దాయన అయితే మాత్ర వైపే నేను మొగ్గుతాను.

ఏ క్యాన్సర్ మందూ వద్దనుకునే దారి కూడా ఉంది. ఆ మాట పైకి అనడానికి అందరూ జంకుతారు. ఒక్కచోట ఎముక నొప్పి బాధిస్తుంటే ఒకే ఒక్క విడత రేడియేషన్‌తో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. నొప్పి, మలబద్ధకం, నిద్ర చూసుకునే పాలియేటివ్ డాక్టర్ల సాయం మందులు వాడుతూ కూడా తీసుకోవచ్చు, చివరి రోజుల దాకా ఆగక్కర్లేదు.

పనిచేస్తోందా లేదా ఎప్పుడు తేలుతుంది

మొదటి పన్నెండు వారాల్లో పీఎస్ఏ కాస్త పెరిగినా కంగారుపడి మందు ఆపకూడదు. మొదట పెరిగి తర్వాత తగ్గడం ఉంది. పీఎస్ఏ ఒక్కటే చూడకుండా నొప్పి ఎలా ఉంది, బరువు, ఆకలి, నడక, స్కాన్ అన్నీ కలిపి చూస్తారు. మొదలుపెట్టే రోజే "ఎప్పుడు చూసి నిర్ణయిస్తారు, ఏం కనిపిస్తే ఆపుతారు" అని అడగండి. నాన్నగారిని డాక్టర్ నేరుగా అడిగారు, మీకేం కావాలని. "మెట్లు దిగి బయట కూర్చోవాలి" అన్నారు. తర్వాతి ప్రతి నిర్ణయం దానితోనే కొలిచాం. నాలుగు నెలలు దిగగలిగారు. దిగలేని రోజులు వరసగా వచ్చాక మాత్ర ఆపేయమని ఆయనే అన్నారు.

ఏ మందు మీద ఉన్నా రాత్రయినా ఆగకుండా ఫోన్ చేయాల్సినవి కొన్ని. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే, పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు, ముఖ్యంగా కీమో మీద ఉన్నవాళ్ళు. మూత్రంలో రక్తం, లేదా మూత్రం బిగుసుకుపోవడం. ఒక కాలి పిక్క వాచి నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం. అన్నిటికన్నా ముఖ్యంగా, నడుము నొప్పి పెరుగుతూ కాళ్ళలో పట్టు తప్పడం, మొద్దుబారడం, మలమూత్రాల మీద అదుపు పోవడం. వెన్నెముకలో గడ్డ నరాన్ని నొక్కుతోందేమో చూడాలి. అప్పుడు గంటలు కూడా లెక్కలోకి వస్తాయి, నడవగలిగే స్థితిలో చికిత్స మొదలైనవాళ్ళే నడక నిలుపుకునే అవకాశం ఎక్కువ. ఆస్పత్రి రాత్రి ఫోన్ నంబరు మాత్రల డబ్బా మూత మీదే రాసి అతికించి పెట్టుకోండి.